తుమ్మెద కోసం జవళగిరి దాకా

"ఏం కాయలక్కా?" అని రత్నమ్మ ఫోన్‌లో అడిగిన ఒక్క మాటతో ఈ ప్రయాణం మొదలైంది. నేను అడిగింది చాలా మామూలు ప్రశ్న. నవంబరు ఆఖరుకు వచ్చాం కదా, నీలిపూల మొక్కలకు కాయలు ఎండాయా, విత్తనం తీసిపెట్టావా అని. రెండు నెలలుగా ఆ మొక్కల ఫోటోలు పంపుతూనే ఉంది. కుండీ నిండా పూలు. చూసినప్పుడల్లా నాకు కడుపు నిండేది. తీరా విత్తనం సంగతి ఎత్తితే, "కాయలేం రాలేదక్కా, పూలే పూస్తా ఉండాయి" అంది, అదేదో శుభవార్త చెప్తున్నట్టు. ఇంక నాకు కుదురెక్కడిది? మామూలుగానే కాలు ఒకచోట నిలవదని మా ఇంట్లో నాకు పేరు. తెల్లారకముందే సంచి భుజాన వేసుకుని కృష్ణగిరి బస్టాండుకు వచ్చేశాను.

ఈ పువ్వు పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. కొన్నేళ్ళ కింద హిమాలయాల్లో నడకకు వెళ్ళినప్పుడు, రాళ్ళ సందుల్లో జానెడు ఎత్తు కూడా లేని మొక్కకు గరాటు ఆకారంలో ముదురు నీలిపువ్వు కనిపించింది. జెన్షియన్ అన్నారు. అంత నీలం నేను చీరలో కూడా చూడలేదు. ఇంటికి రాగానే విత్తనాలు తెప్పించుకుని పెంచడానికి కూర్చున్నాను. ఆ విత్తనం ఊరికే మొలవదు, చలికాలం గడిచిందని దానికి నమ్మకం కలగాలి. తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టి నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచాలి. తర్వాత మట్టి పైన చల్లి వదిలేయాలి. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. పెరుగు గిన్నెకు చోటు లేకుండా చేశావని మా ఆయన ఆ నెలన్నరా సాధించారు. మొలకలు వచ్చాయి కూడా. కృష్ణగిరి ఏప్రిల్ ఎండ వాటిని నిలువునా మాడ్చేసింది. మరుసటి ఏడూ అదే కథ. మూడో ఏడు పోయినప్పుడు కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

జెన్షియన్ కుటుంబంలోదే ఒక మొక్క హోసూరు అవతల మన జవళగిరి కొండల్లో ఉందని అప్పుడు తెలిసింది. పుస్తకాల్లో ఎక్సాకమ్ అంటారు. ఆ ఊరివాళ్ళు చేదుపువ్వు అంటారు, పశువులు దానికి మూతి పెట్టవు. నాలుగు రేకులు, ఊదా కలిసిన నీలం, నడుమ పచ్చటి కేసరాలు. దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు, మంచు అక్కర్లేదు. పోయినేడు జవళగిరిలో ఒకరి పట్టా భూమిలో రాతి వాలు మీద విరగబూసి ఉంటే, కాయలు ఎండాక ఆసామిని అడిగి చిటికెడు విత్తనం తెచ్చుకున్నాను. ఇది ఏడాది మొక్క. వాన పడితే మొలుస్తుంది, పూస్తుంది, కాస్తుంది, ఎండి చచ్చిపోతుంది. మళ్ళీ రావాలంటే విత్తనం నుంచే రావాలి. కృష్ణగిరి వేడికి భయపడి ఆ చిటికెడూ తీసుకెళ్ళి హోసూరు దగ్గర కెలవరపల్లిలో ఉండే రత్నమ్మ చేతిలో పోశాను. ఆ తర్వాత, ఈ ఏడు వానలు మొదలవ్వకముందే, ఆ వాలు చదును చేసి ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారని తెలిసింది. పైన అడవిలో ఇంకా ఉండొచ్చు గానీ అది రిజర్వు అడవి, ఆకు తెంపడానికి కూడా లేదు. కాబట్టి రత్నమ్మ కుండీల్లో కాయ లేకపోతే మా దగ్గర ఆ పువ్వు ఈ ఏటితో సరి. అందుకే నాకు నిద్ర పట్టలేదు.

కృష్ణగిరి నుంచి హోసూరుకు బస్సులకు కొదవ లేదు, పది నిమిషాలకొకటి ఉంటుంది. మామూలు బస్సులో టికెట్ యాభై రూపాయల లోపే. తెల్లవారుజామున ఎక్కితే గంటా పావులో దిగొచ్చు అని చెప్పేదాన్ని, ఆ రోజు శూళగిరి దాటాక మంచు పట్టి బస్సు నడకకు దిగకపోయి ఉంటే. ముందు లారీల ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. నా పక్కన ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే అమ్మాయి హాయిగా నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. నేను మాత్రం రత్నమ్మ ఫోటోలన్నీ మళ్ళీ పెద్దవి చేసి చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్క ఫోటోలోనైనా వాడిన పువ్వు ఉంటుందేమోనని వెతికాను. ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయింది దానికే కదా అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

హోసూరు బస్టాండులో కెలవరపల్లి వైపు పోయే టౌన్ బస్సులు ఉంటాయి, తమిళనాడు కదా, ఆడవాళ్ళకు టికెట్ అక్కర్లేదు. ఓపిక ఉన్నవాళ్ళు దానికోసం నిలబడండి. నేను టీ కూడా తాగకుండా ఆటో ఎక్కాను, రెండు వందలు అడిగాడు, బేరమాడే మనసు లేక సరేనన్నాను. డ్యామ్ దగ్గర పడుతుండగా ఆటో ఆయన వెనక్కి తిరిగి, "కొంగు మూతికి అడ్డం పెట్టుకోమ్మా, నురగ ఎగరతా ఉంది" అన్నాడు. నిజంగానే ఫ్యాక్టరీల మురికికి నది మీద కట్టిన తెల్ల నురగ గాలికి లేచి రోడ్డు మీద పడుతోంది. అక్కడివాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేసి చాలా కాలమైనట్టుంది, పాల క్యాన్లు పెట్టుకున్న బండి ఒకటి దాని మధ్య నుంచే పోయింది.

రత్నమ్మ సంగతి చెప్తాను. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో హోసూరులో ఒకే ఇంట్లో చెరో వాటాలో అద్దెకున్నాం. అప్పటినుంచి నేను ఆమెకు అక్కను. ప్లాస్టిక్ పరదాల కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌లో కూలికి చేరి, కోత నేర్చుకుని, మేస్త్రీ అయి, పద్దెనిమిదేళ్ళు చేసి, ఇప్పుడు సొంతంగా గుంట నేల కౌలుకు తీసుకుని నెట్ హౌస్ వేసుకుంది. చుట్టూ సన్నటి వల, లోపల నర్సరీకి అమ్మే నారు. ఆ వల తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టానా, నా కోపం ఒక నిమిషం ఎటో పోయింది. పాతిక కుండీల దాకా ఉన్నాయి, ఆకు కనబడనంతగా పూశాయి. కొండ మీద నేను చూసిన మొక్కలు బెత్తెడు మించి లేవు, ఇవి మోకాలు దాటాయి.

ఎలా పెంచావని అడిగితే, నేను చెప్పినట్టే చేసిందట. విత్తనం ధూళిలా ఉంటుంది కాబట్టి ఇసుకలో కలిపి ట్రేలో పైపైన చల్లింది, మట్టి కప్పలేదు. పైనుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతాయని ట్రేని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి కిందనుంచి తడి పీల్చనిచ్చింది. నాలుగాకులు వచ్చాక, కోకోపీట్ అనే కొబ్బరిపొట్టులో ఇసుక, కొంచెం ఎర్రమట్టి కలిపిన కుండీల్లోకి మార్చింది. ఒక పూట కూడా ఎండనివ్వలేదు, ఎరువు వేయలేదు, మధ్యాహ్నం ఎండకు నీడ వల లాగింది. నేను చెప్పనిది కూడా ఒకటి చేసింది. "దినామూ పొద్దున్నే వచ్చి వాడింది వాడినట్టే గిల్లేస్తా ఉండాను. ఒగ మచ్చ లేదు చూడక్కా" అంది. ప్రతి రెమ్మ చివరా గోటితో తుంచిన గుర్తు ఉంది. కాయ అన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. గులాబీ పనిలో వాడిన పువ్వు చెట్టు మీద ఉందంటే బూజు వస్తుంది, బూజు వస్తే పక్క చెట్టుకు పాకుతుంది, మేస్త్రీ తిడతాడు. అసలు గులాబీని విచ్చనివ్వరు, మొగ్గలో ఉండగానే కోసి చల్లటి గదికి పంపేస్తారు. విచ్చిన పువ్వంటేనే ఆ పనిలో నష్టం. నేను అడిగానని ఈ పూలను విచ్చనివ్వడమే రత్నమ్మ పెద్ద మనసుతో చేసిన పని. పైగా వాడినవి తీసేస్తే మొక్క కాయల మీద బలం పెట్టకుండా మళ్ళీ మళ్ళీ పూస్తుంది, అందుకే రెండు నెలలు అంత అందంగా ఉంది. ఇదంతా ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను గానీ, అక్కడ నిదానం ఏమీ లేదు. నా నోరు మంచిది కాదు. ఉన్న విత్తనమంతా గోటితో గిల్లి పారేశావు కదే అన్నాను. ఆమె మెల్లగా, "ఉంచమని ఒగ మాట చెప్పింటే ఉంచేదాన్ని కదక్కా" అంది. చెప్పలేదు. పువ్వును వాడనిస్తేనే కాయ వస్తుందన్నది చెప్పవలసిన మాట అని నాకు తోచనే లేదు.

ఇంకో పదిరోజులు పూలు ఉంటాయి, మొక్కలు అప్పటికే అడుగున పసుపు తిరుగుతున్నాయి. ఉన్న పూలనైనా కాయ కట్టించాలి. గిల్లడం ఆపితే సరిపోతుందా అంటే సరిపోదు, ఎందుకంటే ఆ వల ఉంది. ఈ పువ్వు కేసరాలు అన్నిటిలా విచ్చుకోవు. ఉప్పు డబ్బా మూతలా కొనకు చిన్న బెజ్జాలుంటాయి, గట్టిగా అదిరితేనే పుప్పొడి రాలుతుంది. అలా అదిరించేది తుమ్మెద. పువ్వును కాళ్ళతో పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా జుమ్మనిపిస్తుంది. పోయినేడు ఆ వాలు మీద కూర్చుని కళ్ళారా చూశాను. రత్నమ్మ వలలోకి చీమ కూడా రాదు, తుమ్మెద ఎక్కడినుంచి వస్తుంది?

ముందు ఫోన్‌తో ప్రయత్నించాం. రత్నమ్మ తన ఫోన్‌ను అదిరేలా పెట్టి పువ్వు కాడకు ఆనించి పట్టుకుంది, నేను పక్కన నిలబడి ఆమెకు కాల్ మీద కాల్ చేశాను. పువ్వు ఊగింది, ఏమీ రాలలేదు. అప్పుడే పక్క తోటల పొద్దుటి పూలు మార్కెట్‌లో దించి వచ్చిన మినీ లారీ డ్రైవర్ వెంకటేశు తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని కాసేపు చూశాడు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఫోన్లు చేసుకుంటున్నారేమని అడిగాడు. నవ్వు రావలసిందే గానీ ఇద్దరికీ రాలేదు. తుమ్మెద ఇక్కడికి రాకపోతే మనమే దాని దగ్గరికి పోదాం అని నేనే అన్నాను. జవళగిరిలో మునియప్ప అని పశువులు మేపుకునే ఆయన ఉన్నాడు, పోయినేడు నాకు ఆ పువ్వు చూపించింది ఆయనే. ఆయన కొట్టం దూలాలకు తుమ్మెదలు వరసగా బెజ్జాలు వేసుకుని కాపురం ఉన్నాయి. ఆ వాలు అక్కడికి కూతవేటు దూరమే.

వెంకటేశు పోను రాను రెండు వేలు అడిగి పద్దెనిమిది వందలకు దిగాడు. ఒకటే షరతు పెట్టాడు. ఇది ఏనుగులు తిరిగే కాలం, అయిదు కొట్టేసరికి జవళగిరి వదలాలి అన్నాడు. ఆ వైపు వెళ్ళే ఎవరైనా ఈ షరతు పాటించాల్సిందే, నవంబరు నుంచి సాయంత్రాలు ఆ రోడ్డు మనుషులది కాదు. కుండీలు ఎక్కించి, మధ్యలో గోనెసంచులు కుక్కి, రత్నమ్మ వాటి మధ్యే కూర్చుంది. ముందు సీటుకు రమ్మన్నా రాలేదు. బండి హోసూరు ఊరి మధ్య ఇరుక్కుని అరగంట తినేసింది. అక్కడినుంచి మత్తిగిరి మీదుగా తళ్ళి దాకా రోడ్డు బాగుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూడటం, రత్నమ్మ చెయ్యెత్తి అంతా బాగుందని సైగ చేయడం. తళ్ళిలో వెంకటేశు ఆకలని బండి ఆపితే ఇడ్లీ పొట్లం కట్టించుకుని బండిలోనే తినమన్నాను. పాపం, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఇడ్లీ.

"ఇన్నేండ్లూ పూలని మార్కెట్‌కి తోలినాను," అన్నాడు చట్నీ నాకి, "తుమ్మెదకి తోలేది ఇదే మొదలమ్మా."

జవళగిరి పొలిమేరలో ఆ వాలు ఎదురైంది. బండి ఆపమనలేదు గానీ కళ్ళు అటే పోయాయి. ఎర్రమట్టి పలకలా ఉంది, అడుగడుక్కీ పసుపు రంగు పూసిన రాళ్ళు. మధ్యలో ఒక రేకు బోర్డు. పోయినేడు నేను చెప్పులు విడిచి కూర్చున్న బండ ఎక్కడుందో కూడా పోల్చుకోలేకపోయాను. రత్నమ్మ వెనకనుంచి అద్దం మీద కొట్టి, ఇదేనా అని అడిగింది. ఇదే అన్నాను.

మునియప్ప ఇల్లు ఆ వాలు దాటగానే, అడవి కంచెకు ఇవతల. మేము వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఆయన భార్య గౌరమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. బండిలోంచి నీలిపూల కుండీలు దించుతుంటే చేట పక్కనపెట్టి లేచి వచ్చింది. పోయినేటి దాకా ఆ వాలు మీద ఊరికే మొలిచి చచ్చిన మొక్కను ఇలా కుండీల్లో చూడటం ఆమెకు వింతగా ఉంది. మునియప్పకు సంగతి చెప్తే, తుమ్మెదలు దూలాలు తొలిచేస్తా ఉండాయని కొట్టం పీకి రేకులు వేయాలని చూస్తున్నామని, ఇంకో నెల ఆలస్యమైతే మీరు వట్టి చేతులతో పోయేవారని అన్నాడు. కొట్టం కింద తాజాగా రాలిన చెక్కపొడి ఉంది. పైన నల్లగా, బొద్దుగా, ఒకటి లోపలికీ ఒకటి బయటికీ తిరుగుతున్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది.

కుండీలన్నీ కొట్టం ముందు వరసగా పెట్టాం. తుమ్మెదలు బయటికొచ్చి, మా పూల మీదుగా ఎగిరి, నేరుగా ఎదురుగా ఉన్న, చిక్కుడులాంటి అనప చేలోకి పోయాయి. చేను ఊదాపూలతో నిండుగా ఉంది. వాటికి అలవాటైన అంగడి అది. గంట గడిచింది. నేను కూర్చోలేను, లేవలేను. కుండీలు ఎండకు తిప్పాను, మళ్ళీ నీడకు తిప్పాను. గౌరమ్మ పిలిచి రాగిముద్ద, అనపగింజల పులుసు పెట్టింది, రుచి బాగుందో లేదో కూడా నాకు తెలియలేదు. వెంకటేశు బండి కింద చాప వేసుకుని పడుకున్నాడు. చివరికి మునియప్పే, అవి ఈడికి రావు, చేలో పెట్టాల, పోతా పోతా ఒగటన్నా వాలుతుంది అన్నాడు. అందరం కలిసి కుండీలు మోసి అనప సాళ్ళ మధ్య అక్కడొకటి ఇక్కడొకటి దించాం. నా నడుం ఇప్పటికీ ఆ పని గుర్తుచేస్తోంది.

రెండున్నర ప్రాంతంలో ఒకటి వచ్చింది. అనప పువ్వు వదిలి, మా పువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని బరువుకు కాడ వంగేలా వాలింది. రత్నమ్మ ఒక్కసారిగా ముందుకు వంగి చెయ్యెత్తింది, తోలేయడానికి. పాలీహౌస్‌లో పురుగు వాలిన పువ్వు పనికిరాదు, రేకు మీద గోరు గీత పడితే పక్కకు తీసేస్తారు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం అలాగే ఉన్నాం. తుమ్మెద రెక్కలు ఆగాయి, శబ్దం మాత్రం మారి సన్నగా, గట్టిగా వచ్చింది, పచ్చటి పొడి దాని పొట్ట మీద రాలింది. తర్వాత పక్క కుండీకి పోయింది. కాసేపటికి ఇంకోటి వచ్చింది. నాకు గంతులేయాలనిపించింది, వయసు చూసుకుని ఊరుకున్నాను. రత్నమ్మ కూడా నవ్వింది, పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. మునియప్ప అడవి అవతలి తన పాత మంద సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు, మేము సాలు పక్కన కూర్చుని వింటున్నాం.

మాటల్లో ఉండగానే చూశాను. రత్నమ్మ కళ్ళు మునియప్ప మీదే ఉన్నాయి, ఊ కొడుతోంది. చెయ్యి మాత్రం పక్క కుండీ మీదికి వెళ్ళి, గోరు ఆడించి, వెనక్కి వచ్చింది. నేను పిడికిలి విప్పమన్నాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. విప్పింది. అరచేతిలో నీలిపువ్వు. తుమ్మెద మొదట వాలింది దాని మీదే. నిన్న పూసినది కాబట్టి ఒక రేకు అంచు కొంచెం ముడుచుకుంది, అంతే.

ఆమె ఆ పువ్వును తిరిగి కాడకు అతికించబోయింది, నిజంగానే, రెండు వేళ్ళతో పట్టుకుని. తర్వాత కింద పెట్టేసి తన చెయ్యి వంక చూసుకుంది.

"ఇది నన్ను అడగదక్కా," అంది. "నేను ఏడిస్తే కూడా ఇది పని చేసుకొంటా పోతుంది."

లేచి గౌరమ్మ దగ్గరికి వెళ్ళింది. కుండీలన్నీ ఇక్కడే వదిలిపెడతానంది. నేను ఆమె ముఖం చూశాను. ఆ మొక్కలకు ఆమె పేర్లు పెట్టుకుందని నాకు తెలుసు, ఎక్కువ పూసినదాన్ని మహారాణి అనేది. నీళ్ళు పోసేది తప్ప ఏమీ చేయొద్దని, వాడినా, నల్లబడినా, చూసే దానికి గలీజుగా ఉన్నా ముట్టుకోవద్దని గౌరమ్మకు రెండుసార్లు చెప్పింది.

"చూస్తా కూసునేదానికి మాకు యాడ తీరుతుందమ్మా," అంది గౌరమ్మ, "ఆవులకి నీళ్ళు పెట్టేటప్పుడు రెండు చెంబులు పోస్తాను, పో."

అంతకన్నా మంచి మాట ఆ రోజు నేను వినలేదు. నాలుగున్నరకే వెంకటేశు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. తిరుగు ప్రయాణంలో రత్నమ్మ ముందు సీట్లోనే కూర్చుంది, వెనక గోనెసంచులు తప్ప ఏమీ లేవు. తళ్ళి దాటాక అడిగింది, వాడిపోయినాక ఆ పువ్వు ఏమవుతుందక్కా అని. రేకులు ఎండి కాయనే అంటుకుని ఉంటాయని, కాయ మిరియం గింజంత అయి గోధుమరంగు తిరిగి పగులుతుందని, అప్పటికి మొక్క చచ్చిపోయి ఉంటుందని చెప్పాను. పద్దెనిమిదేళ్ళు పూలలో పని చేసి ఒక్కదాని ముసలితనం కూడా తను చూడలేదంది.

నెలన్నర తర్వాత ఇద్దరం మళ్ళీ వెళ్ళాం, ఈసారి పొద్దున్నే హోసూరు నుంచి తళ్ళి బస్సు, అక్కడినుంచి జవళగిరి బస్సు పట్టుకుని. కుండీలు అనప చేలోనే ఉన్నాయి, చేను మాత్రం కోసేశారు. రెండు కుండీలను ఆవు తన్నేసింది. మిగతావి ఎండిపోయి, కాడలు నల్లబడి, బూజు తెరలు కట్టి, నిజంగానే గలీజుగా ఉన్నాయి. మహారాణి ఏదో రత్నమ్మే పోల్చుకోలేకపోయింది. అన్నిట్లోనూ లేవు గానీ కొన్నిటికి కాయలున్నాయి. నేను ఒకటి తుంచి ఆమె అరచేతిలో నలిపితే గోధుమరంగు ధూళి రాలింది. ఆమె ఊపిరి వదలకుండా చూసింది, వదిలితే ఎగిరిపోతుందని. ఇంత గలీజు అయితే గాని రాదా అక్కా ఇది అని అడిగింది. మిగతా కాయలు తను ముట్టుకోనంది, గౌరమ్మే కోసి కాగితంలో పొట్లం కట్టింది.

నేను ఈ పువ్వు కోసం హిమాలయాలు చూశాను, ఫ్రిజ్ ఖాళీ చేశాను, కొండలెక్కాను. ఎక్కడా ఒకచోట కూర్చోలేదు. చివరికి దానికి కావలసింది ఏమీ చేయకపోవడం అయ్యేసరికి, అది నాకూ రాలేదు, రత్నమ్మకూ రాలేదు. ఆవులకు నీళ్ళు పెట్టే హడావిడిలో ఉన్న మనిషికి వచ్చింది. పెంచడం నేర్పే పుస్తకాలన్నీ ఎప్పుడు ఏం చేయాలో చెప్తాయి, ఎప్పుడు చెయ్యి తీసేయాలో చెప్పినది నేను చదవలేదు. ఇంకా నాకు గుబులుగానే ఉంది. మునియప్ప కొట్టానికి రేకులు వేయించేశాడు. పాత దూలాలు రెండు మాత్రం మేము బతిమాలితే చేను గట్టున పడేసి ఉంచాడు. తుమ్మెదలు వాటిలో ఉంటాయో లేదో ఎవరికి తెలుసు.

మీరు పెంచాలనుకుంటే నేను ఇవ్వగలిగిన సలహా ఒకటే. విత్తనం కావాలంటే మొదటి పువ్వు విచ్చకముందే వల లోంచి తీసి, తుమ్మెదలు తిరిగే చోట పెట్టండి, పూలను బాగా చూసుకునే మనిషిని దాని దగ్గరికి పోనివ్వకండి. ఆ మనిషి మీరే అయితే వేరేవాళ్ళ ఇంట్లో పెట్టి రండి. వచ్చే వానలకు పొట్లంలో సగం రత్నమ్మ మళ్ళీ ట్రేలో చల్లుతుంది. ఈసారి కుండీలు మొగ్గ తొడగగానే జవళగిరికి పంపించేస్తానంది. మరి నువ్వు ఒక్క పువ్వైనా చూడవా అని అడిగాను. "మొగ్గలో ఉండగానే పంపించేది నాకు అలవాటే కదక్కా" అంది.